మండపేట లాంటి ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి పెళ్లిరోజుకి పూలు పంపాలంటే ఎలా?

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చింది, మీ మీద కాదులెండి, నా మీదే. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, అమ్మానాన్న మండపేటలో, వాళ్ల పెళ్లిరోజుకి బొకే పంపాలి, సైట్‌లో పిన్‌కోడ్ కొడితే డెలివరీ ఉందని పచ్చ టిక్కు పడుతోంది, నమ్మొచ్చా అని అడిగారు. మూడేళ్ల కిందట అచ్చం ఆ టిక్కునే నమ్మి డబ్బులు కట్టిన మనిషిని నేను. మాదీ అటుపక్కే, మండపేటలో ఆటో ఎక్కితే అరగంట, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

అది మే నెల, మావాళ్లది నలభయ్యో పెళ్లిరోజు. సైట్‌లో ఫోటో భలే ఉంది, ఇరవై నాలుగు ఎర్ర గులాబీలు, మధ్యమధ్యలో తెల్లగా చిన్న చిన్న పూలు, కింద ఇంత రిబ్బను. చార్జీలన్నీ కలిపి పదిహేను వందలు దాటింది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు లోపు అని స్లాట్ కూడా పెట్టా. పన్నెండైంది, రెండైంది, నేనేమో మీటింగ్‌లో కూర్చుని టేబుల్ కింద ఫోన్ పెట్టి ఆ ట్రాకింగ్ పేజీ నొక్కుతూనే ఉన్నా, దారిలో ఉంది దారిలో ఉంది అని ఒకటే పాట. సాయంత్రం ఆరున్నరకి నాన్నకి ఫోనొచ్చింది, సార్ మీకు పార్సిల్ ఉంది, ఇల్లు దొరకట్లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్రోల్ బంక్ దగ్గరున్నా వచ్చి తీసుకోండి అని. ఇదేదో ఓటీపీ అడిగే బాపతు అనుకుని నాన్న పెట్టేశారు. మళ్లీ చేస్తే అప్పుడు సందేహిస్తూనే టీవీఎస్ ఎక్సెల్ తీసి వెళ్లారు.

వచ్చేటప్పుడు ఆ బొకేని బండి ముందు కాళ్ల మధ్య నిలబెట్టుకుని, అది పడిపోకుండా మోకాళ్లతో నొక్కిపట్టుకుని నడుపుతుంటే టీకొట్టు దగ్గర ఇద్దరు ఆపి "ఏంటి మాస్టారూ, ఎక్కడండీ సన్మానం?" అన్నారట. మన ఊళ్లల్లో బొకే అంటే అదే కదా మరి, రిటైర్మెంట్ ఫంక్షనో, ఎమ్మెల్యే గారొచ్చారనో, జనవరి ఒకటిన ఎమ్మార్వో గారికి ఇవ్వడానికో. ఇంట్లో మనిషికి ఇంట్లో మనిషి బొకే ఇవ్వడం అనేది అక్కడ ఇంకా కొంచెం వింతే.

సరే ఇంటికొచ్చింది, వీడియో కాల్‌లో చూశా. గులాబీలు లెక్కపెడితే పన్నెండు. మిగతా చోటంతా జెర్బెరాలు దూర్చారు, మెడలు వాలిపోకుండా ఒక్కోదాని కాడకి కూల్‌డ్రింక్ స్ట్రా తొడిగి. అయినా రెండు వాలిపోయే ఉన్నాయి. గులాబీలకి పై రేకులు నల్లబడితే ఒలిచేసినట్టున్నారు, మొగ్గ కంటే కొంచెం పెద్ద సైజులో మిగిలాయి. అమ్మ ఒకటి లాగి ముక్కు దగ్గర పెట్టుకుని "వాసన లేదేంటే?" అంది. తర్వాత కవరంతా జాగ్రత్తగా విప్పి మడతపెట్టి పరుపు కింద పెట్టుకుంది, గులాబీలు తలకాయల వరకు తుంచి దేవుడి దగ్గర పెట్టింది, జెర్బెరాలు స్టీలు చెంబులో పడ్డాయి. సైట్ వాళ్లకి ఫోటో పెట్టి అడిగితే, ఆ ఊళ్లో దొరికేదాన్ని బట్టి పూలు మారొచ్చు అని ఆర్డర్ పేజీలో అడుగున ఉందండి అన్నారు. ఉంది నిజమే, చీమ తలంత అక్షరాల్లో. రెండొందల కూపన్ ఇచ్చారు, ఎవరిక్కావాలి.

తర్వాత తెలిసింది అసలు సంగతి. ఇలాంటి సైట్లలో చాలావాటికి సొంతంగా పూలకొట్టు ఉండదు, ఆర్డర్ తీసుకుని, వాళ్ల వాటా మినహాయించుకుని, దగ్గర్లో వాళ్లతో ఒప్పందం ఉన్న షాపుకి పంపుతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే ఆ షాపు మీ వీధి చివరే ఉంటుంది కాబట్టి బాగానే జరుగుతుంది. మన ఊరికి ఆ దగ్గర షాపు అంటే రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉంటుంది, అక్కణ్ణుంచి ఒక్క బొకే కోసం కుర్రాడు బండేసుకుని రావాలి, వాడికి ఆ దూరానికి గిట్టదు, అందుకని అటువైపు ఇంకో రెండు మూడు ఆర్డర్లు తగిలేదాకా మీ బొకే ఎండలో తిరుగుతూ ఉంటుంది. పైగా ఆ పొడుగు కాడ గులాబీలు మన దగ్గరివి కాదు, ఎక్కువగా హోసూరు, బెంగళూరు వైపు నుంచి ఇరవై ఇరవై కట్టలుగా కట్టి చలవపెట్టెల్లో వస్తాయి, అంత దూరం వచ్చిన పువ్వుని మే నెల ఎండలో తిప్పితే ఇంకేముంటుంది. పిన్‌కోడ్‌కి పచ్చ టిక్కు అంటే ఆ పిన్‌కోడ్‌కి ఎవడో ఒకడు వెళ్లగలడు అని మాత్రమే, ఆ ఊళ్లో వాళ్లకి మనిషి ఉన్నాడని కాదు.

ఇందులో కడుపు మండే విషయం ఏంటంటే, మన పక్కనే కడియపులంక పూల మార్కెట్ పెట్టుకుని మనం ఇలా చెయ్యడం. తెల్లారేసరికి అక్కడ బంతి, చామంతి, లిల్లీ, కాగడా, కనకాంబరం గుట్టలు గుట్టలుగా పోసి కిలోల లెక్కన అమ్ముతారు, చుట్టుపక్కల ఊళ్ల పూలకొట్ల వాళ్లు సగం మంది అక్కడే కొంటారు. అంటే మీ అమ్మగారి ఊళ్లో పూలాయన దగ్గర పొద్దున ఎనిమిదింటికి ఉండే పువ్వు, ఏ సైట్ వాళ్లూ పంపలేనంత తాజాగా ఉంటుంది. మనకి కావాల్సింది ఆ పూలాయన నంబర్, అంతే.

నంబర్ ఎలా దొరుకుతుంది అంటారా, గూగుల్ మ్యాప్స్‌లో వెతికితే ఒకటో రెండో కనిపిస్తాయి గానీ సగం పాతవి. నేను చేసింది ఏంటంటే మా ఊరి ఫంక్షన్ హాల్ మేనేజర్‌కి ఫోన్ చేసి, స్టేజీ డెకరేషన్ ఎవరు చేస్తారండీ అని అడిగా. చిన్న ఊళ్లల్లో బొకేలు కట్టేది, కారు డెకరేషన్ చేసేది, దండలు కట్టించేది అన్నీ ఆయనే, బయట బోర్డు మీద మాత్రం లైటింగ్ అండ్ ఫ్లవర్ డెకరేషన్ అని ఉంటుంది. లేదంటే గుడి దగ్గర పూలు కట్టే ఆవిడ ఉంటుంది, ఆవిడ నంబర్ పూజారి గారి దగ్గర ఉంటుంది.

మరుసటి ఏడు పెళ్లిరోజుకి నాలుగు రోజుల ముందు ఆయనకి ఫోన్ చేశా. ఇల్లెక్కడో చెబ్దామని రామాలయం వీధి, నీళ్ల ట్యాంక్ దాటాక అని మొదలుపెట్టేసరికి "ఎవరింటికండి?" అన్నాడు. ఫలానా మాస్టారి ఇంటికి అన్నా. "ఆయ్, మాస్టారు నాకు లెక్కలు చెప్పారండి, అడ్రస్ ఎందుకండి" అన్నాడు. పోయినేడు ఆ ట్రాకింగ్ పేజీ నొక్కినప్పుడు పోయిన నా ప్రాణం ఆ ఒక్క మాటతో తిరిగొచ్చింది.

బొకే కావాలి అంటే ఆయనే వద్దన్నాడు. "బొకే అమ్మగారు ఏం చేసుకుంటారండి, రెండు దండలు కట్టిత్తాను, మార్చుకుంటారు, మల్లిపూలు పంపుతాను తల్లో పెట్టుకుంటారు" అన్నాడు. గులాబీ దండలు రెండు, మల్లెపూలు ఆరు మూరలు, దేవుడికి విడిపూలు కొన్ని, మనిషి తీసుకెళ్లి ఇచ్చినందుకు కూడా కలిపి ఏడొందల యాభై తీసుకున్నాడు. సగం ముందు ఫోన్‌పేలో కొట్టా, సగం పూలు చేరాక. పొద్దున తొమ్మిదిన్నరకల్లా అమ్మ ఫోన్, వెనక నాన్న బనీను మీదే దండ వేసుకుని ఉన్నారు, చొక్కా వేసుకోండి ఫోటో తియ్యాలి అని అమ్మ అరుస్తోంది. పక్కింటి అత్తయ్య వచ్చి ఫోటోలు తీసి నాకు పంపే బదులు ముందు స్టేటస్‌లో పెట్టేసింది, నాకంటే ముందు మా ఊరంతా చూసింది.

ఇక మల్లెపూల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నేను దీని మీదే గొడవపడ్డాను. మల్లెపూలు మొగ్గలుగానే వస్తాయి, తెల్లవారుజామున మొగ్గ మీదుండగా కోస్తారు, సాయంత్రానికి విచ్చుకుంటాయి, అప్పుడే వాసన. పొద్దున వీడియోలో చూసి ఇవేంటండీ విచ్చుకోలేదు అని ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. మూర లెక్క కూడా చూసుకోండి, మూర అంటే మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా, కొలిచేవాళ్ల చెయ్యి పొట్టిదైతే మూరా పొట్టిదే, అంతకంటే ముఖ్యం కట్టిన తీరు, మొగ్గలు ఒత్తుగా కట్టమని చెప్పండి, పల్చగా కట్టిన ఆరు మూరలు ఒత్తుగా కట్టిన నాలుగు మూరలతో సమానం. అరటినారతో కట్టి అరటాకులో చుట్టి పంపమంటే సాయంత్రం దాకా నిలుస్తాయి. ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా ముడేస్తే ఆ చెమటకే ఎర్రబడిపోతాయి. అలాగే మామిడిపళ్లూ పూలూ ఒకే సంచిలో పెట్టి పంపకండి, పండే పళ్ల నుంచి వచ్చే గాలికి పూలు తొందరగా వాడిపోతాయి, మేం ఒకసారి బంగినపల్లితో పాటు పంపించి మరీ తెలుసుకున్నాం.

తేదీ సంగతి. మీవాళ్ల పెళ్లిరోజు మంచి ముహూర్తాల్లో పడితే డెకరేషన్ ఆయన ఫోనే ఎత్తడు, ఆ రోజు ఆయనకి నాలుగు పెళ్లిళ్లుంటాయి, మీ ఆరు మూరలు ఆయనకి గుర్తుండవు, అలాంటప్పుడు గుడి దగ్గర ఆవిడే దిక్కు. అదే మూఢంలోనో ఆషాఢంలోనో అయితే పువ్వు చవక, మనుషులు ఖాళీ, అడిగిందానికంటే రెండు మూరలు ఎక్కువే వేస్తారు. శ్రావణ శుక్రవారాలు, అందులోనూ వరలక్ష్మీవ్రతం అయితే మాత్రం చామంతి కిలో ధర చెబితే రెండుసార్లు అడుగుతారు మీరు, వారం ముందే మాట్లాడి పెట్టుకోండి. ఫిబ్రవరి రెండో వారంలో గులాబీల జోలికి అసలు పోకండి.

ఇంకోటి రాయాలా వద్దా అనుకున్నా గానీ రాస్తున్నా. ఈ పద్ధతి కుదిరిందన్న హుషారులో పోయినేడు రామచంద్రపురంలో మా పిన్నికి పుట్టినరోజని మల్లెపూలు పంపిద్దామని అమ్మతో అన్నా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. బాబాయి పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. "అది పూలు పెట్టుకోవట్లేదే, నువ్వు పంపితే ఏం చెయ్యాలో తెలీక ఏడుస్తుంది" అంది. నాకు ఈ ఆచారాలంటే ఒళ్లు మంట, పెట్టుకుంటే ఏమవుతుందీ అని అమ్మతో వాదించా కూడా, కానీ పెట్టుకోవాలా వద్దా అన్నది పిన్ని తేల్చుకోవాల్సింది, నేను పార్సిల్ పంపి తేల్చేది కాదు కదా. చివరికి కడియం నర్సరీలో తెలిసినాయనతో చెప్పి మల్లె అంటు ఒకటి కుండీలో పెట్టించి ఆటోలో పంపా. అది మొన్న వేసవిలో పూసింది. పిన్ని ఫోటో పెట్టింది, బాబాయి ఫోటో ముందు పళ్లెంలో గుప్పెడు మొగ్గలు. ఇంకేం రాయలేదు ఫోటో కింద. మీరు అమ్మానాన్నలకి కాకుండా ఇంకెవరికైనా పంపేటప్పుడు ముందు ఆ ఇంట్లో ఎవరినైనా ఒక మాట అడగండి.

బొకేనే కావాలి అని మీకు గట్టిగా ఉంటే అదీ ఆ డెకరేషన్ ఆయనతోనే కట్టించుకోండి, కాకపోతే ఫోటో పంపి అచ్చం ఇలాగే అనకండి, రేపొద్దున మీ దగ్గర ఏ పూలుంటాయి అని అడిగి వాటితో కట్టమనండి. లిల్లీ కాడలు, మన చామంతి కలిపి కట్టిస్తే వాసనకి వాసన, నాలుగు రోజులు ఉంటుంది కూడా. బయల్దేరే ముందు వాట్సాప్‌లో ఫోటో పెట్టమనండి. కార్డు మీద ఏం రాయాలో మీరే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపండి, ఫోన్‌లో చెబితే మా ఆయన పేరు మూడు రకాలుగా రాశారు. అమెరికాలో ఉన్న మా ఫ్రెండ్ కూడా ఇలాగే పంపుతోంది, డల్లాస్‌లో వేసవిలో రాత్రి పదిన్నర అంటే మనకి మర్నాడు పొద్దున తొమ్మిది, పడుకునే ముందు ఒక్క ఫోన్ చేసుకుంటే సరిపోతుందంటుంది.

అన్నట్టు సర్‌ప్రైజ్ కదా అని ముందురోజు అమ్మగారికి ఫోన్ చేసి రేపు పొద్దున ఇంట్లోనే ఉంటారా అని మాత్రం అడగకండి. నేను అడిగా. పూలు పట్టుకుని కుర్రాడు వెళ్లేసరికి ఎవరో చుట్టాలొస్తున్నారనుకుని అమ్మ పులిహోర కలిపి, గారెలకి పప్పు కూడా రుబ్బి ఉంచింది. ఆ కుర్రాడు తినే వెళ్లాడట.