ఎక్కడ బాగుంది?

చిరంజీవికి ఆశీస్సులు.

టీవీ పాటల పోటీ మీద మీరు పంపిన సమీక్ష అందింది. నాలుగో పేరాకు వచ్చేసరికి కాగితాలు పక్కన పెట్టేశాను, మళ్లీ తీసింది మరునాడే. కారణం దాచను. ‘శంకరాభరణం’ సినిమాలోని ‘శంకరా నాదశరీరాపరా’ పాడిన అబ్బాయి గురించి రాస్తూ, అతను శంకరాభరణ రాగంలోని గాంధారాన్ని, అంటే ‘గ’ స్వరాన్ని, మైమరపించేలా పలికించాడని అన్నారు. ఆ పాట మధ్యమావతి రాగంలో ఉంది. మధ్యమావతికి స, రి, మ, ప, ని అని ఐదే స్వరాలు, గాంధారం అసలు లేనే లేదు. సినిమా పేరును బట్టి రాగాన్ని ఊహించి, ఆ రాగాన్ని బట్టి ఒక స్వరాన్ని ఊహించి, వినబడని ఆ స్వరానికి మీరు మైమరచిపోయారన్నమాట. రాగం పేరు తెలియకపోవడం నేరమేమీ కాదు, అది తెలియకుండా కూడా మంచి సమీక్ష రాయవచ్చు. విననిదాన్ని విన్నట్టు రాయడమే నాకు కోపం తెప్పించింది.

అయినా జవాబు రాస్తున్నానంటే అందుకు మీ ఒకే ఒక్క వాక్యం కారణం. ఆరో గాయని గురించి, రెండో చరణం మొదటి పాదం చివర ఊపిరి చాలక ఆఖరి అక్షరాన్ని మింగేసిందని, ఆ లోటు పూడ్చుకోవాలని తర్వాతి పాదాన్ని అవసరానికి మించి గట్టిగా పాడిందని రాశారు. ఇది చెవి పెట్టి విన్న మనిషి రాసిన వాక్యం. ఇది రాయగలిగినవారు మిగతా పేరాలు ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు.

నా పట్టుదల ఏమిటో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. టీవీ పాటల పోటీ మీద సమీక్ష రాసేవారు ప్రతి మెప్పుకూ, ప్రతి విమర్శకూ పాటలో చోటు చూపించాలి. ‘అద్భుతంగా పాడింది’ అంటే ఎక్కడ? పల్లవిలోనా, చరణంలోనా? చరణంలో అయితే ఏ పాదంలో, ఏ మాట దగ్గర? అక్కడ ఆమె చేసిందేమిటి? స్వరాన్ని కదలకుండా నిలిపిందా, జారుతూ దిగిందా, రికార్డులో లేని సంగతి ఒకటి, అంటే అదే పాదాన్ని వేరేగా తిప్పి పాడే తీరు, వేసిందా, లేక ఏ అలంకారమూ లేకుండా మాటను మాటగా వదిలేసిందా? ఇంత చెప్పాక కూడా విశేషణం వాడాలనిపిస్తే వాడండి, చాలాసార్లు అనిపించదు. మీ సమీక్షలో ఎనిమిది మంది ఉన్నారు. ఆ ఆరో గాయనిని మినహాయిస్తే, మిగతా ఏడుగురి పేర్లు ఒకరివి మరొకరికి మార్చేసినా ఒక్క వాక్యం దిద్దవలసిన అవసరం రాదు. ఒక్క ఆ గాంధారం మాట తీసేసి, నేను నిజంగానే అలా మార్చి చదివాను.

చోటు పట్టుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. పాట సాహిత్యాన్ని చేత్తో రాసుకుని, పాదానికీ పాదానికీ మధ్య రెండు వరుసలు ఖాళీ వదలండి. గాయకుడు ఊపిరి తీసుకున్న చోట నిలువు గీత గీయండి, శ్రుతి తగ్గిన చోట అక్షరం కింద చుక్క, శ్రుతి మించిన చోట పైన చుక్క పెట్టండి, తాళం కంటే ముందుగా పడిన మాటకు బాణం గుర్తు వేయండి, ఉచ్చారణ చెడిన అక్షరం చుట్టూ సున్న చుట్టండి. నాలుగైదు పాటలకు ఇలా గుర్తులు పెట్టేసరికి కొన్ని విషయాలు వాటంతట అవే బయటపడతాయి. శ్రుతి జారే చోట్లు ఎక్కువగా పాదాల చివర్లలో ఉంటాయి, ఎందుకంటే ఊపిరి అయిపోయేది అక్కడే. ఇంటర్లూడ్ ముగిసి చరణం అందుకునే చోట కొత్తవాళ్లు ఆలస్యం కావడం కంటే తొందరపడడమే ఎక్కువ. పైస్థాయికి భయపడే గాయని ఆ స్వరానికి రెండు మాటల ముందు నుంచే గొంతు బిగిస్తుంది, కాబట్టి తప్పు వినబడే చోటు ఒకటి, తప్పు మొదలైన చోటు మరొకటి. సమీక్షకుడు పట్టుకోవలసింది ఆ రెండోదాన్ని. పై షడ్జం, అంటే పైస్థాయి ‘స’, అందలేదని ఇంట్లో కూర్చుని చూసే ఎవరైనా అనగలరు, అంతకు ముందు పాదంలో ఊపిరి తీసుకోవలసిన చోట తీసుకోలేదు గనుక అందలేదని చెప్పడానికే మీరున్నారు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో మళ్లీ వినే సౌకర్యం ఉండేది కాదు. కచేరీ అయినా పోటీ అయినా వినడం ఒక్కసారే. చీకట్లో వెనక వరుసలో కూర్చుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని ఈ గుర్తులే గీసుకునేవాడిని. ఇంటికి వెళ్లి దీపం వెలుగులో చూస్తే గీతలు ఒకదాని మీద ఒకటి పడి సగం అర్థమయ్యేవి కావు. అర్థమైన సగంతోనే సమీక్ష రాసి ఒక వారపత్రికకు పంపేవాడిని. ఆ పత్రిక ఉపసంపాదకులు (పేరెందుకు లెండి) నేను చూపిన చోట్లన్నీ శ్రద్ధగా కొట్టేసి, వాటి స్థానంలో విశేషణాలు చేర్చి అచ్చువేసేవారు. చరణం మూడో పాదంలో నిషాదం, అంటే ‘ని’ స్వరం, నిలవలేదని నేను రాస్తే, శ్రోతలను రసడోలల్లో ఓలలాడించారని అచ్చయ్యేది. వెళ్లి అడిగితే, పాఠకులకు నిషాదాలెందుకండీ, గాయని కట్టుకున్న చీర రంగు రాయండి అన్నారు. కొన్నాళ్లు రాయడం మానేశాను. తర్వాత స్వరాల పేర్లు తీసేసి, ఆ స్వరం ఏ మాట మీద పడిందో ఆ మాటనే రాయడం మొదలుపెట్టాను. ఫలానా మాట దగ్గర గొంతు నిలవలేదని రాస్తే కొట్టేయడానికి ఆయనకు సాకు దొరకలేదు. పైగా రాగాల ఊసే తెలియని పాఠకులు, ఆ పాట రేడియోలో వచ్చినప్పుడు ఆ మాట కోసం కాచుకుని విన్నామని పత్రికకు ఉత్తరాలు రాశారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకోనిదే సమీక్షలు రాయకూడదా అని మీరు అడిగినదానికి నా జవాబు ఇందులోనే ఉంది. ఆ ఉపసంపాదకుల మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

ఇక తెర సంగతి. పోటీని మొదటిసారి చూడకండి, వినండి. టీవీకి వీపు పెట్టి కూర్చోండి, లేదా తెర మీద ఏదైనా కప్పండి. ఇది చాదస్తంగా కనబడవచ్చు. చియా-జంగ్ త్సే అనే పరిశోధకురాలు, ఆమె స్వయంగా పియానో వాద్యకారిణి, 2013లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పోటీల తుదిరౌండుకు చేరినవారి ప్రదర్శనల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసి, కొందరికి శబ్దం మాత్రమే వినిపించి, కొందరికి శబ్దం లేని దృశ్యం మాత్రమే చూపించి, కొందరికి రెండూ కలిపి ఇచ్చి, అసలు పోటీలో నెగ్గినదెవరో పోల్చుకోమన్నారు. సరిగ్గా పోల్చుకున్నవారు ఎక్కువగా ఆ మూగ దృశ్యాన్ని చూసినవారే. సంగీతంలో ఆరితేరినవారి విషయంలోనూ ఇదే తేలింది, అదీ శబ్దమే అన్నిటికంటే ముఖ్యమని వారు నమ్ముతూ ఉండగా! నిపుణుల చెవులనే కళ్లు అంతగా లొంగదీసుకుంటే మీ సంగతేమిటి, నా సంగతేమిటి? 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘ద వాయిస్’ పోటీలో న్యాయనిర్ణేతలను గాయకులకు వీపు తిప్పి కూర్చోబెట్టారంటే వెనకనున్న ఆలోచన ఇదే. కుర్చీలు ఇటు తిరిగాక అక్కడా మళ్లీ పాత కథే నడుస్తుందనుకోండి.

మీ సమీక్షలో ఒక పేరా మొత్తం, పాట మధ్యలో న్యాయనిర్ణేత కళ్లు తుడుచుకున్నారన్న విషయానికే పోయింది. ఆమె కళ్లు తుడుచుకున్నది ఆ పాదం దగ్గరేనని మీకెలా తెలుసు? ఎడిటింగు బల్ల మీద ఆ షాట్‌ను ఎక్కడైనా అతికించవచ్చు. చప్పట్లూ అంతే, లేచి నిలబడడమూ అంతే. గాయని కుటుంబం పడిన కష్టాల గురించి వేసిన చిన్న వీడియోను మీరు పాట విలువలో కలిపి లెక్కగట్టారు. ఈమధ్య సమీక్షలన్నీ ఇదే దారి పట్టాయి: జడ్జి గారు ఏమన్నారు, ఎవరు ఏడ్చారు, ఎవరు హత్తుకున్నారు అన్నవి అయ్యాక, చోటు మిగిలితే పాట. ఆ కష్టాలు నిజమైనవే కావచ్చు, వాటి మీద వేరే వ్యాసం రాయండి, నేను చదువుతాను.

శబ్దాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. శ్రుతిని దిద్దే ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్ 1997లోనే వచ్చింది. 2010లో బ్రిటన్ ‘ఎక్స్ ఫ్యాక్టర్’ ఆడిషన్లలో గొంతులను దిద్ది ప్రసారం చేశారని ప్రేక్షకులు పట్టుకుంటే, నిర్మాతలు ఒప్పుకోక తప్పలేదు. కాబట్టి శ్రుతి గురించి తీర్పు చెప్పేటప్పుడు ‘ప్రసారంలో వినిపించినంత మేరకు’ అన్న మాట మనసులోనైనా ఉంచుకోండి. అదే సమయంలో, సాఫ్ట్‌వేర్‌కు అంత తేలికగా లొంగనివి కొన్ని ఉన్నాయి. ఊపిరి కోసం సమాసాన్ని నడిమికి విరిచారా, ‘భ’ను ‘బ’గా, ‘ధ’ను ‘ద’గా పలికారా, ప్రశ్నగా రాసిన పాదాన్ని ప్రశ్నగా పాడారా, వేదనలో చెప్పే మాటను చిరునవ్వుతో పాడారా? నా కాగితం మీద గుర్తులు ఎక్కువగా వీటి చుట్టూనే పడతాయి.

తెలుగులో ఈ చోటు చూపే విద్య నేర్చుకోవడానికి మీరు దూరం వెళ్లక్కర్లేదు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో, పాట అయ్యాక ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు మాట్లాడిన తీరును గమనించండి. ఆ పాట రాసినవారినీ, బాణీ కట్టినవారినీ తలచుకునేవారు, ఫలానా అక్షరానికి ఒత్తు పలకలేదనో, ఫలానా చోట సంగతి ఇలా తిరగాలనో చెప్పి, ఆ ముక్కను తానే పాడి చూపేవారు. మెప్పు ఎంత పెద్దదైనా దిద్దుబాటు మాత్రం ఒక్క అక్షరం మీద ఉండేది. ఆయన స్వయంగా పాటల పోటీలోంచి వచ్చినవారే. మద్రాసులో ఒక పోటీలో విన్న సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి గారు ఆయనను చేరదీసి, 1966లో మొదటి సినిమా పాట పాడించారు. 2020 సెప్టెంబరు 25న బాలు గారు వెళ్లిపోయాక ఆయన కంఠాన్ని గురించి వచ్చిన వ్యాసాలు ఎన్నో చదివాను, ఆ దిద్దుబాటు పద్ధతిని గురించి శ్రద్ధగా రాసినది మాత్రం నా కంటపడలేదు. మీరే రాయకూడదా?

మరో గాయని విషయంలో ‘అచ్చం సుశీలమ్మలాగే’ అని మెచ్చుకున్నారు. రికార్డును పక్కన పెట్టుకుని విన్నారా? పోటీల్లో చాలామంది మూలగాయకుల గమకాలతో పాటు వారు ఊపిరి తీసుకున్న చోట్లను కూడా యథాతథంగా దింపేస్తారు. అది సాధన అని ఒప్పుకుంటాను, కానీ ఆ గాయని సొంతంగా నిర్ణయించుకున్నది ఏదైనా ఉందా అన్నది సమీక్షకుడు అడగవలసిన ప్రశ్న. అలాగే ఘంటసాల గారి పాటను ఒక అమ్మాయి పాడితే సాధారణంగా శ్రుతి మార్చుకోక తప్పదు. మార్చిన శ్రుతిలో పల్లవి హాయిగా నడిచినా, చరణంలో పైస్థాయి అందకపోవచ్చు, లేదా మంద్రంలో, అంటే కింది స్థాయిలో, మాటలు వినబడకపోవచ్చు. అప్పుడు లోపం గొంతుదా, శ్రుతి ఎంపికదా? రెండిటినీ ఒకే గాటన కట్టి ‘రేంజ్ లేదు’ అని తేల్చేశారు మీరు. అర శ్రుతి తగ్గించి ఉంటే ఆ పాదం ఎలా ఉండేదో మీరే ఒకసారి పాడుకుని చూడండి, గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు.

పోటీలో పిల్లలుంటే పాటను విమర్శించండి, పిల్లను కాదు. మీరు రాసింది ఆ పాప చదువుతుంది, పెద్దయ్యాక మళ్లీ చదువుతుంది.

ఎనిమిది మందికీ మార్కులు వేశారు, ఒకరికి ఎనిమిదిన్నర, మరొకరికి ఎనిమిదీ ముప్పావు. ఆ పావు మార్కు ఏ అక్షరం దగ్గర తగ్గించారో చెప్పగలరా? నక్షత్రాలూ మార్కులూ సమీక్షలోకి వచ్చినప్పటి నుంచి పాఠకులు నేరుగా అంకె దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి అటే వెళ్లిపోతున్నారు. పత్రికలవారికి ఇది బాగానే ఉంది, చోటు కలిసొస్తుంది.

మీరు అడిగిన మిగతా ప్రశ్నలు, కలం పేరు పెట్టుకోవాలా, ఎవరికి పంపితే వేసుకుంటారు, పారితోషికం ఎంత ఉంటుంది, ఈసారి ఫైనల్‌లో నెగ్గేది ఎవరు అన్నవి, చదివాను. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నవాటికి చెప్పాలని లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఎనిమిది మందినీ పట్టుకోకండి. ఒక్కరిని ఎంచుకోండి, ఆ పాటను ముందు వినండి, తర్వాత చూడండి, చూశాక మీ అభిప్రాయం ఎక్కడైనా మారితే ఆ చోటు కూడా రాయండి. సమీక్షతో పాటు గుర్తులు పెట్టిన సాహిత్యం కాగితాన్ని జతచేసి పంపండి. శుద్ధప్రతి అక్కర్లేదు, కొట్టివేతలతో ఉన్నదే కావాలి. మార్కులు మాత్రం వేయకండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి