క్రూయిజ్ టికెట్ 55 వేలే, ఖర్చు మాత్రం రెండున్నర లక్షలు

ప్రశ్న: అనంతపురంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. నాకు 63, మా ఆవిడకు 58. పెన్షన్ 52 వేలు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు 18 లక్షలున్నాయి, అందులో 4 లక్షలది ఈ ఆగస్టులో మెచ్యూర్ అవుతుంది. అప్పులు లేవు. ఒక క్రూయిజ్ కంపెనీ వచ్చే ఏడాది సింగపూర్ నుంచి నడిపే కొత్త రూట్లు ఈమధ్యే ప్రకటించింది. అప్పట్నుంచి మా రిటైర్డ్ లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో ఇదే గోల. ఇప్పుడు బుక్ చేస్తేనే చవకని కొందరు, పాత రూటుకే కొత్త రంగు పూసి రేవులు తగ్గించారని కొందరు. ఫిబ్రవరిలో పెనాంగ్, ఫుకెట్ చూపించే 4 రాత్రుల ట్రిప్పుకు బాల్కనీ క్యాబిన్ మనిషికి 55 వేలని ఏజెంటు చెబుతున్నాడు. ఈ వారంలో 25 శాతం కడితే రేటు మారదట. మా బావమరిదేమో ఇంకొంచెం వేసుకుని 7 రాత్రుల మధ్యధరా క్రూయిజ్‌కు పోదాం, రోమ్, ఫ్లోరెన్స్ రెండూ వస్తాయి అంటున్నాడు. ఇద్దరికీ బీపీ ఉంది, నాకు మోకాళ్ల నొప్పి కూడా. ఏం చేయమంటారు?

జవాబు: సింగపూర్ ట్రిప్పుకు పోయిరండి, మీ డబ్బుకు అది భారం కాదు. మధ్యధరా సంగతి మరిచిపోండి. ఏజెంటు అడిగిన 25 శాతం మాత్రం కింద చెప్పే కాగితాలు చేతికొచ్చేదాకా కట్టొద్దు.

మీ గ్రూపులో రెండు వర్గాలూ చెబుతున్నదాంట్లో నిజముంది. ప్రకటనలో 4 రాత్రులు, 5 రోజులు అని ఉంటుంది. విప్పి చూస్తే మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కడం, సాయంత్రం బయలుదేరడం. రెండో రోజు పెనాంగ్, మూడో రోజు ఫుకెట్. నాలుగో రోజంతా సముద్రం మీదే. ఐదో రోజు పొద్దున టిఫిన్ కాగానే దించేస్తారు. అంటే నేల మీద కాలు పెట్టేది రెండు రోజులే. ఆ రెండు రోజుల్లోనూ ఓడ ఎన్ని గంటలకు ఆగి ఎన్నింటికి కదులుతుందో చూడాలి. ఆగిన తర్వాత దిగడానికి గంట పడుతుంది, కదలడానికి అరగంట నుంచి గంట ముందే అందరూ లోపల ఉండాలంటారు. కాగితం మీద 8 గంటలుంటే మీకు దక్కేది 6. రేవుల్లో ఆగే సమయం తగ్గించడం కంపెనీకి లాభం. ఓడ నెమ్మదిగా నడిస్తే ఇంధనం కలిసొస్తుంది, రేవు ఫీజు తగ్గుతుంది. పైగా రేవులో ఉన్నంతసేపు క్యాసినో, డ్యూటీఫ్రీ దుకాణాలు మామూలుగా మూసి ఉంటాయి, సముద్రం మీదకు పోగానే తెరుస్తారు. కాబట్టి రేవులు తగ్గాయని అసంతృప్తి పడేవాళ్ల లెక్క తప్పు కాదు. కాకపోతే మోకాళ్ల నొప్పి ఉన్న మీలాంటివారికి సముద్రం మీద గడిచే రోజు వృథా ఏమీ కాదు, ఆ రోజే ఓడంతా తిరిగి చూడొచ్చు.

రేవు పేరు చూసి మురిసిపోయే ముందు, ఓడ ఆగే చోటుకూ ఊరికీ దూరమెంతో అడగండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్ ఊళ్లోనే స్వెటెన్‌హామ్ రేవుకు ఆనుకుని ఆగుతుంది. దిగి నడిచిపోవచ్చు, లిటిల్ ఇండియా దగ్గర్లోనే ఉంది, ఇడ్లీ దోసెలకు లోటుండదు. అక్కడ కంపెనీ అమ్మే టూరు కొనక్కర్లేదు. ఫుకెట్ వేరు. పెద్ద ఓడలు చాలామటుకు పటాంగ్ బీచ్‌కు దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తాయి. ఊగే పడవలోకి అడుగేసి దిగాలి, మీ మోకాళ్లతో అది జాగ్రత్తగా చేయాల్సిన పని. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాల అలలకు ఆ పడవలు ఆపేయాల్సి రావచ్చు. ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి నెల మంచిదే. అయితే 2027లో చైనీస్ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 6న వస్తోంది, ఆ వారం సింగపూర్‌లో ఓడలూ హోటళ్లూ అన్నీ పిరమే. నెలాఖరు వారానికి, మార్చి మొదటి వారానికి అదే క్యాబిన్ రేటు అడగండి.

ఇంకొకటి. రూటు అనేది కంపెనీ ఇచ్చిన మాట కాదు, ఉద్దేశం మాత్రమే. టికెట్ వెనక చిన్న అక్షరాల్లో, ఏ రేవునైనా వదిలేసే, మార్చే హక్కు కంపెనీకి ఉంటుంది. ఒక రేవు వదిలేస్తే మామూలుగా తిరిగొచ్చేది ఆ రేవు ఫీజు, పన్ను మాత్రమే. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి వెళ్లిన ఓడను, అందులో క్యాసినో ఉందన్న అభ్యంతరంతో అక్కడి ప్రభుత్వం ఆగనివ్వలేదు. 2024లో ఎర్ర సముద్రంలో దాడుల భయంతో చాలా కంపెనీలు ఆ దారిలో పోవాల్సిన ట్రిప్పులు రద్దు చేశాయి, దారి మళ్లించాయి. అందుకే ఫలానా రేవు ఉందని మనిషికి 10 వేలు ఎక్కువ పెట్టి ఫలానా ట్రిప్పే కొనడం తెలివైన పని కాదు. ఓడ నచ్చితే, తేదీ కుదిరితే, రేటు సరిపోతే కొనండి.

ఇప్పుడు ఖర్చు. ఈ కింద అంకెలు మీకు అంచనా కోసం వేసినవి, మీ ఏజెంటు కొటేషన్‌తో సరిచూసుకోండి. టికెట్ ఇద్దరికి 1,10,000. రేవు ఫీజులు, పన్నులు మనిషికి 9 వేల చొప్పున 18,000. ఓడ సిబ్బందికి రోజూ టిప్పు అని ఖాతాలో వేస్తారు. మనిషికి రోజుకు 18 డాలర్లనుకుంటే నాలుగు రాత్రులకు 72 డాలర్లు, డాలరు 92 రూపాయల లెక్కన ఇద్దరికి 13,200 దాటుతుంది. బెంగళూరు నుంచి సింగపూర్‌కు రానుపోను విమానం ఇద్దరికి 50,000. ఒకరోజు ముందే చేరాలి కాబట్టి సింగపూర్‌లో ఒక రాత్రి హోటల్ 14,000. వీసా, దాని సర్వీసు చార్జీలు 6,000. ఇన్సూరెన్స్ 6,000. రెండు రేవుల్లో తిరగడానికి 12,000. అనంతపురం నుంచి ఎయిర్‌పోర్టుకు టాక్సీ రానుపోను 8,000. వైఫై, నీళ్లు, కాఫీ, చిల్లర ఖర్చులు 10,000. మొత్తం 2,47,000 పైచిలుకు. 1.10 లక్షల టికెట్ తడిసి మోపెడై రెండింతలు దాటింది. ఏజెంటు టికెట్, విమానం, హోటల్ కలిపి ప్యాకేజీగా అమ్మితే దాని మీద 5 శాతం జీఎస్టీ అదనం. 2 లక్షల ప్యాకేజీకి 10 వేలు. ఇవి కాక చేతిలో ఇంకో 15 వేలు ఉంచుకోండి. మొత్తం 2.75 లక్షలు పక్కన పెట్టండి.

టాక్సీ దగ్గర ఒక చిన్న సౌకర్యం ఉంది. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు మనవైపే ఉంది. పెనుకొండ, బాగేపల్లి మీదుగా 44వ నంబరు హైవేలో పోతే బెంగళూరు ఊళ్లోకి అడుగు పెట్టే పని లేదు. అయినా ఓడ కదిలే రోజు పొద్దున దిగే విమానం ఎక్కొద్దు. విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు, టికెట్ డబ్బు తిరిగి రాదు. ఆ 14 వేల హోటలే మీ అసలైన బీమా.

అడ్వాన్స్ విషయం. ముందే బుక్ చేస్తే చవక అన్నది ఎక్కువసార్లు నిజమే, ముఖ్యంగా బాల్కనీ క్యాబిన్లకు, సెలవుల తేదీలకు. కానీ "రేటు మారదు" అన్నప్పుడు ఏ రేటు అని అడగాలి. డాలర్లలోనో సింగపూర్ డాలర్లలోనో రేటు మారకపోవచ్చు, రూపాయల్లో మారుతుంది. మిగిలిన 75 శాతమూ రేవు ఫీజులూ కలిపి దాదాపు లక్ష నవంబరులో కడతారు. ఈలోగా రూపాయి 4 శాతం పడితే 4 వేలు ఎక్కువ కట్టాలి. కంపెనీ వెబ్‌సైట్లో నేరుగా డాలర్లలో కట్టి మామూలు క్రెడిట్ కార్డు వాడితే 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీలో కట్టినందుకు బ్యాంకు వేసే అదనపు చార్జీ), దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం పోతుంది. 1.28 లక్షలకు 5,300 దాకా అన్నమాట. ఏజెంటుకు కట్టినా, కంపెనీకి కట్టినా, సంస్థ పేరున్న ఖాతాకే కట్టండి. వ్యక్తిగత ఫోన్ నంబరుకు యూపీఐ చేయమంటే అక్కడితో మాట ఆపేయండి.

ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా అడగాల్సినవి ఇవి: అడ్వాన్స్ వెనక్కి వచ్చేదా రానిదా, రద్దు చేసుకుంటే కంపెనీ కోతకు పైన ఏజెంటు సొంత కోత ఎంత, పూర్తి డబ్బు కట్టాల్సిన ఆఖరి తేదీ ఏది, ఆ తేదీ తర్వాత ఏ రోజు రద్దు చేసుకుంటే ఎంత పోతుంది. ఆఖరి తేదీ చాలా కంపెనీలకు బయలుదేరే ముందు 75 నుంచి 90 రోజులు, కొందరికి 120 దాకా ఉంటుంది. ఫిబ్రవరి 22న ఓడ కదిలితే 90 రోజుల లెక్కన నవంబరు 24, 75 రోజులైతే డిసెంబరు 9. ఆ తర్వాత ఒక్కో మెట్టు దాటేకొద్దీ కోత పెరుగుతుంది, ఆఖరి రెండు వారాల్లో సాధారణంగా మొత్తం పోతుంది. 25 శాతం అంటే 27,500. వెనక్కి వచ్చేదైతే సేవింగ్స్ ఖాతాలోంచి కట్టేయండి. రానిదైతే, ఆ 27,500 పోయినా ఫర్వాలేదు అనుకోగలిగినప్పుడే కట్టండి. కట్టాక రసీదుతో ఆగొద్దు. కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబరు అడిగి, కంపెనీ యాప్‌లో మీ ఇద్దరి పేర్లు, క్యాబిన్ రకం కనిపిస్తున్నాయో లేదో మీరే చూసుకోండి. కొందరు ఏజెంట్లు గ్రూపు పేరుతో క్యాబిన్లు అట్టిపెట్టుకుని, పేర్లు చివర్లో ఎక్కిస్తారు. గ్రూపు నిండకపోతే తేదీ మార్చమంటారు. గొడవలన్నీ అక్కడ మొదలవుతాయి.

ఆగస్టులో మెచ్యూర్ అయ్యే 4 లక్షల విషయంలో ఒక పని ఇప్పుడే చేయండి. చాలా డిపాజిట్లకు ఆటో రెన్యూవల్ పెట్టి ఉంటుంది. మీరు చూసుకోకపోతే పాత గడువుకే మళ్లీ పడిపోతుంది. నవంబరులో మధ్యలో తీస్తే వడ్డీలో అర నుంచి ఒక శాతం కోత. మెచ్యూరిటీకి వారం ముందు బ్యాంకుకెళ్లి ఆటో రెన్యూవల్ తీయించి, 2.75 లక్షలు మూడు నెలల డిపాజిట్‌లో, మిగిలింది ఏడాదికి వేయండి. మిగతా 14 లక్షలు ముట్టుకోవద్దు.

పెన్షనర్లకు మన రాష్ట్ర హెల్త్ కార్డు ఓడ మీద పనికిరాదు. ఓడ డాక్టరు చూస్తే బిల్లు అక్కడికక్కడే మీ ఖాతాలో పడుతుంది, దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర మీరే తర్వాత రాబట్టుకోవాలి. అందుకని ప్రతి బిల్లు, చీటీ తెచ్చుకోండి. పాలసీ తీసుకునేటప్పుడు బీపీ ఉందని ఇద్దరికీ రాయించాలి. రాస్తే ప్రీమియం రెండింతలవుతుందని దాచేవాళ్లున్నారు, క్లెయిం తిరస్కరించడానికి అదే మొదటి కారణమవుతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు కవర్, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు, ట్రిప్పు రద్దు, ఈ మూడూ ఉన్న పాలసీయే తీసుకోండి. చికిత్సకు 50 వేల డాలర్లకు తగ్గొద్దు. రద్దు కవర్ ఉపయోగపడాలంటే పాలసీని బయలుదేరే ముందురోజు కాదు, డబ్బు కట్టిన రోజుల్లోనే కొనాలి.

ఓడ మలేసియా, థాయ్‌లాండ్ పోయి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది. వీసా చేతికి రాగానే అందులో ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీలు ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీకి ఆరు నెలలు పైనే ఉండాలి. ఆ రెండు దేశాల వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి, డబ్బు కట్టేముందు ఒకసారి, బయలుదేరే నెలలో ఇంకోసారి చూసుకోండి.

మీ బావమరిది మాట కాదనడానికి కారణం అసూయేమీ కాదు. మధ్యధరా క్రూయిజ్‌లో రోమ్ అని రాసే రేవు చివితావెక్కియా, రోమ్‌కు 70 కిలోమీటర్ల పైన ఉంటుంది. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, అక్కడి నుంచి 90 కిలోమీటర్ల దాకా పోవాలి. ఓడ ఆగిన 11 గంటల్లో మూడు నాలుగు గంటలు బస్సులోనే పోతాయి, ఆ బస్సు టూరుకు కంపెనీలు మనిషికి వందకు పైగా డాలర్లు తీసుకుంటాయి. వెనిస్ పేరుతో అమ్మే ట్రిప్పులు కొన్ని రవెన్నా నుంచి కదులుతాయి, ఎందుకంటే 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను వెనిస్ నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు. యూరప్ దేశాలు చాలావాటికి ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, ఇన్సూరెన్స్ 30 వేల యూరోలకు తగ్గకూడదు. విమానాలు కలిపితే ఇద్దరికి 6 లక్షలు దాటుతుంది, అంటే ఆగస్టులో వచ్చే 4 లక్షలు పోగా మీ 14 లక్షల్లోంచి ఇంకో 2 లక్షలు తీయాల్సిందే. రోమ్ చూడాలన్న కోరికుంటే నేల మీద, నాలుగు రోజులు అక్కడే ఉండి చూడడం మేలు.

చివరగా టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేటప్పుడే ఏజెంటు మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేసే ముందస్తు ఆదాయపన్ను. విదేశీ టూరు ప్యాకేజీ మీద 2026 ఏప్రిల్ 1 నుంచి మొత్తం ఎంతైనా 2 శాతమే. అంతకుముందు 10 లక్షల దాకా 5 శాతం, పైన 20 శాతం ఉండేది. ఏజెంటు పాత లెక్క చెబితే నిలదీయండి. మీకు పెన్షన్ 6.24 లక్షలు, వడ్డీ లక్షా పాతిక వేలు అనుకున్నా కొత్త విధానంలో 12 లక్షల్లోపే కాబట్టి పన్ను పడదు, కట్టిన టీసీఎస్ మొత్తం తిరిగొస్తుంది. అయితే అది రిటర్ను వేస్తేనే. బిల్లు ఎవరి పాన్ మీద ఉంటే వాళ్లే వేయాలి. మీ ఆవిడ పేరున ఉంటే ఆమె రిటర్ను విడిగా వేయాల్సి వస్తుంది, కాబట్టి మీ పాన్ ఒక్కటే ఇవ్వండి. 2027 జూలైలో రిటర్ను వేసేముందు ఆ మొత్తం ఆదాయపన్ను వెబ్‌సైట్లో మీ పాన్ మీద జమైన పన్నుల వివరాల్లో కనిపిస్తుందో లేదో చూసుకోండి, లేకపోతే ఏజెంటు వసూలు చేసి జమ చేయలేదన్నమాట.