కాలనీ పార్కు స్థలం ఎవరిది? సంఘం ఎంతవరకు వెళ్లవచ్చు?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర ఒక పంచాయతీలో వరిచేలు మెరక చేసి వేసిన లేఅవుట్ మాది. 2004లో అనుమతి వచ్చింది. నూట ఇరవై ఇళ్ల దాకా ఉన్నాయి. కాలనీ సంక్షేమ సంఘం పేరుతో నెలనెలా చందా వసూలు చేసి మొక్కలు, వీధిదీపాలు చూసుకుంటున్నాం. సంఘాన్ని రిజిస్టర్ చేయించలేదు. డబ్బు కార్యదర్శి గారి సొంత ఖాతాలో ఉంటుంది. పార్కు కోసం వదిలిన స్థలంలో చిన్న రామాలయం, వాకింగ్ ట్రాక్ కట్టి, బయటివాళ్లు రాకుండా గోడ, గేటు పెట్టాలనుకున్నాం. ఇంతలో లేఅవుట్ వేసినాయన కొడుకులు ఆ స్థలం తమదేనంటూ కొలతలు వేయిస్తున్నారు. ఇంకో సమస్య మురుగు కాలువ. పూడిపోయి వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి. పంచాయతీ వాళ్లు నిధులు లేవంటున్నారు. మేమే జేసీబీ పెట్టి మురుగును పక్కనున్న పంట బోదెలోకి మళ్లించుకోవచ్చా? చందా ఇవ్వనివాళ్లకు కుళాయి ఆపేయవచ్చా?
– ఒక కాలనీవాసి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు పార్కు స్థలం సంగతి చూడండి. మిగతావి ఒక నెల ఆలస్యమైనా సర్దుకోవచ్చు. కొలతలు వేయిస్తున్నారంటే కొనేవాళ్లతో మాటలు నడుస్తున్నాయనే అనుకోండి. ఒక్కసారి మూడోవాళ్ల పేరుకు రిజిస్టరైతే మీకు ప్రతివాదులూ పెరుగుతారు, వాయిదాలూ పెరుగుతాయి.

మీ లేఅవుట్ వేసేనాటికి పంచాయతీల్లోని లేఅవుట్లకు 2002 నాటి నియమాలు వర్తించేవి. వాటి ప్రకారం మొత్తం విస్తీర్ణంలో పది శాతం ఖాళీ స్థలంగా వదిలి, రోడ్లతోపాటు దాన్ని కూడా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా ఉచితంగా పంచాయతీకి అప్పగించాలి. మీ లేఅవుట్‌లో ఆ డీడ్ రాశారా లేదా అన్నది ఇప్పుడు తేలాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు 2004కు ముందు నుంచి ఈరోజు వరకు ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించండి. డీడ్ కనిపిస్తే సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను నకలు కోసం పంచాయతీలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సంఘం పేరుతో కాకుండా మీలో ఒకరి సొంత పేరుతో పెట్టండి, ఎందుకంటే చట్టం ఆ హక్కును పౌరుడికి ఇచ్చింది. సంఘం పేరు చూసి దరఖాస్తును వెనక్కి పంపే అవకాశం వాళ్లకు ఇవ్వకండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

గిఫ్ట్ డీడ్ ఉంటే ఆ స్థలం పంచాయతీది. కొడుకులకు అమ్ముకోవడానికి అక్కడ ఏమీ లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షను కింద నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ స్థలాన్ని చేర్చమని పంచాయతీ చేత తీర్మానం చేయించి, కలెక్టరు గారికి ప్రతిపాదన పంపించండి. సబ్ రిజిస్ట్రార్‌కు కూడా డీడ్ నకలు జతచేసి ఒక అభ్యంతర పత్రం ఇచ్చి రసీదు తీసుకోండి.

డీడ్ లేదని తేలితే కంగారు పడకండి. ఇలాంటి చోట్లే చాలా కాలనీలు ‘కాగితం లేదు కదా’ అని వదిలేసుకుంటున్నాయి. అలా వదలక్కర్లేదు. పండిట్ చేత్‌రాం వశిష్ఠ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం చూసింది. లేఅవుట్ ప్లానులో పార్కుకో, బడికో చూపించిన స్థలాన్ని యజమాని తన ఇష్టం వచ్చినట్లు వాడుకోలేడనీ, ప్రజల ప్రయోజనం కోసం ధర్మకర్తలా పట్టుకొని ఉన్నట్లేననీ చెప్పింది. బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసు 1991 నాటిది. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే కోర్టు ఆ కేటాయింపును నిలబెట్టలేదు. దాన్ని ప్రశ్నించే హక్కు ఆ చుట్టుపక్కల కాపురముండే వాళ్లకు ఉందని స్పష్టంగా అంది. మీ అందరికీ పనికొచ్చే తీర్పులు ఇవి.

ఇంకో పని కూడా ఈ వారంలోనే చేయండి. పార్కు పక్క ప్లాట్ల వాళ్ల దస్తావేజులు బయటికి తీయించి హద్దులు చదవండి. ‘తూర్పు: లేఅవుట్ పార్కు స్థలం’ అని ఉంటే, అది ఆ కొడుకుల తండ్రి తన చేత్తో సంతకం పెట్టిన మాట. అంతకంటే గట్టి సాక్ష్యం మీకు దొరకడం కష్టం. వీటన్నిటితో సివిల్ కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరుతూ దావా వేసి, వెంటనే తాత్కాలిక ఉత్తర్వు అడగవచ్చు. పంచాయతీని తప్పనిసరిగా పార్టీగా చేర్చండి. సంఘం రిజిస్టరు కాలేదు కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతి తీసుకుని మీలో కొందరు అందరి తరఫున వేయాలి.

ఇక గుడి, గోడ, గేటు. రామాలయం విషయంలో మీ మనసు నొచ్చుకోవచ్చు గానీ చెప్పక తప్పదు. వీధుల్లో, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో గుడి, చర్చి, మసీదు ఏదైనా సరే, అనుమతి లేకుండా కొత్తగా కట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబర్ 29న ఉత్తర్వు ఇచ్చింది. పైగా ఆ కొడుకులు పార్కులో నిర్మాణానికి దిగితే ఆపడానికి రేపు కోర్టుకు వెళ్లబోయేది మీరే. మీరే అక్కడ కట్టడం లేపితే ఆ కేసు మీ చేతులతో మీరు పాడు చేసుకున్నట్లే. ఆలయానికి చందాలు వేసుకుని వేరే ప్లాటు కొనండి. దానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు.

వాకింగ్ ట్రాక్, చెట్లు, బెంచీలు పార్కులో భాగమే. అయితే పంచాయతీ తీర్మానం, సంఘం నిర్వహణ చేస్తుందని రాతపూర్వక అనుమతి ఉండాలి. పశువులు తొక్కకుండా కంచె వేసుకోండి. తాళం మాత్రం వద్దు. ‘బయటివాళ్లు’ అని మీరు రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. పక్క పేట పిల్లలు సాయంత్రం వచ్చి ఆడుకుంటున్నారని మీకు ఇబ్బందా? పంచాయతీకి చెందిన పార్కు ఊరందరిదీ. ప్రజల వాడకానికి ఉన్న ఇలాంటి చోట్లలోకి కులం పేరుతో, మతం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చెబుతోంది. మీ సంఘం మంచి పనులు చేస్తోంది. ఈ గేటు ఆ పేరును చెడగొడుతుంది, దయచేసి పెట్టకండి.

డబ్బు సంగతి కూడా తొందరగా తేల్చుకోండి. కార్యదర్శి గారి నిజాయితీని నేను అనుమానించడం లేదు. ఆయనకు ఏదైనా జరిగితే ఆ డబ్బు నామినీకి చేరుతుంది. ఆయన మీద అప్పు డిక్రీ ఉంటే జప్తు కూడా కావచ్చు. అప్పుడు అది కాలనీదని రుజువు చేసే భారం మీమీద పడుతుంది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించవచ్చు. తర్వాత సంఘం పేరుతో పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తీసుకోండి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చదవండి. రిజిస్టరయ్యాక సంఘం తన పేరుతో ఆస్తి ఉంచుకోవచ్చు, దావా వేయవచ్చు. లోపల తగాదా వస్తే ఆ చట్టం 23వ సెక్షను కింద ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తిత్వం), జిల్లా కోర్టుకో వెళ్లవచ్చు.

మురుగు విషయంలో మీ బాధ నిజమైనదే, కానీ జేసీబీ ఆలోచన మానండి. పంట బోదె సాగునీటి వ్యవస్థలో భాగం. కింది రైతుల చేలకు నీళ్లు వెళ్లేది దాంట్లోనే. డెల్టాలో చాలా ఊళ్ల మంచినీటి చెరువులను వేసవిలో కాలువలు కట్టేసేలోపు ఈ నీళ్లతోనే నింపుకుంటారు. మీ మురుగు అందులో కలిస్తే కింది ఊరివాళ్లు తాగేది దాన్నే. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం కూడా అది నిషిద్ధం.

పారిశుధ్యం, మురుగు పారుదల పంచాయతీ బాధ్యత. నిధులు లేవన్న జవాబు చట్టం ముందు నిలవదు. రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు సరిగ్గా ఇలాంటి వీధివాళ్ల గురించే. మురుగు కాలువలు లేక కంపు భరించలేక వాళ్లు మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు. మున్సిపాలిటీ డబ్బుల్లేవంది. ఆ సాకు చెల్లదనీ, గడువులోగా పని చేయాలనీ సుప్రీంకోర్టు తేల్చింది. ఆనాడు వాడింది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133వ సెక్షను. ఇప్పుడు అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షనుగా ఉంది. ఆర్డీఓ దగ్గర దాని కింద పిటిషన్ వేయవచ్చు. మునిగిన ఇళ్ల ఫొటోలు తేదీలతో, పంచాయతీకి ఇచ్చిన అర్జీల రసీదులు జతచేయండి. పారిశుధ్య సేవల మీద, ప్రజాసేవల వివాదాలు తేల్చే పర్మనెంట్ లోక్ అదాలత్‌కు వెళ్లే దారి కూడా ఉంది. అక్కడ కోర్టు ఫీజు ఉండదు.

కానీ వీటికంటే ముందు గ్రామసభకు అందరూ కలిసి వెళ్లండి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో అరవై శాతం పారిశుధ్యానికి, తాగునీటికే వాడాలని ముడిపెట్టింది. మీ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అన్నది ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ లెక్క చేతిలో పట్టుకుని సభలో నిలబడి అడగండి. మీ కాలువ పనిని పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాయించి, తీర్మానం నకలు తీసుకోండి. నూట ఇరవై ఇళ్లవాళ్లు కలిసి వచ్చి అడిగితే సర్పంచ్ గారికీ పైవాళ్లను అడగడానికి బలం వస్తుంది.

చందా సంగతి క్లుప్తంగా చెబుతాను. కుళాయి పంచాయతీది. దాన్ని ఆపే అధికారం మీకు లేదు, ఆపితే మీమీదే కేసు పెట్టవచ్చు. అపార్ట్‌మెంట్లకు 1987 నాటి వేరే చట్టం ఉంది, అక్కడ ఉమ్మడి ఖర్చులో వాటా తప్పదు. మీది విడివిడి ఇళ్ల లేఅవుట్. సభ్యత్వం తీసుకున్నవాళ్లకే నియమావళి వర్తిస్తుంది, బకాయి ఉంటే సివిల్ కోర్టులో రాబట్టుకోవచ్చు. సభ్యులు కానివాళ్లను ఒప్పించుకోవాలే తప్ప బలవంతం లేదు. ప్రతి నెలా జమాఖర్చుల కాగితం పార్కు దగ్గర బోర్డుకు అంటించండి.

ఈసీ, ప్లాను నకలు, హద్దులున్న దస్తావేజుల జిరాక్సులు చేతికి రాగానే మీ ఊరి న్యాయవాదిని కలవండి. కొలతల రాళ్లు పాతినట్లు కనిపిస్తే మాత్రం అవన్నీ వచ్చేదాకా ఆగకండి. ఉన్న కాగితాలతోనే ఇంజంక్షన్‌కు వెళ్లండి.