పుంత రోడ్డులో సిమెంటు మట్టి ఎందుకు పొడిగా రాలుతోంది?

ప్రశ్న: దాళ్వా కోతలయ్యాక మా ఊరి పుంత రోడ్డులో నల్ల బంకమట్టికి సిమెంటు కలిపి రోలర్‌తో తొక్కించారు. అదే మట్టితో అచ్చుపోసిన నమూనాలు ఏడో రోజు పరీక్షలో నెగ్గాయన్నారు. రోడ్డు మీద మాత్రం పైపొర గోటితో గీరితే రాలుతోంది. కొబ్బరిచెట్ల నీడన ఉన్న ముక్క ఒక్కటే గట్టిగా ఉంది. సిమెంటు తక్కువైందా, తడపకపోవడమే కారణమా?
— ఒక పాఠకుడు, ఉండి మండలం

జవాబు: సిమెంటు సమంగా కలవలేదన్న అనుమానాన్ని పూర్తిగా కొట్టివేయలేము గాని, నీడలో బిగిసిన మట్టి ఎండలో రాలుతోందంటే ముందుగా చూడవలసింది తడినే. సిమెంటు ఆరిపోవడం వల్ల గట్టిపడదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఆ చర్యలో పుట్టే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ మట్టి రేణువులను బంధిస్తుంది. దానితోపాటు విడుదలయ్యే సున్నం, బంకమట్టిలోని సిలికా, అల్యూమినాలతో నెమ్మదిగా కలిసి నెలల తరబడి బలాన్ని పెంచుతూ ఉంటుంది. తడి ఇంకిపోతే ఈ రెండూ ఆగిపోతాయి. తరువాత నీళ్ళు చల్లితే చర్య కొంత సాగవచ్చు గాని, అప్పటికే విచ్చిన పగుళ్ళు పూడవు.

ప్రయోగశాలలో నమూనాను తడి పోకుండా, సుమారు 27 డిగ్రీల వద్ద ఉంచుతారు కనుక ఆ ఫలితం మట్టి ఎంత బలాన్ని అందుకోగలదో చెబుతుందే తప్ప మీ రోడ్డు అందుకున్నదెంతో చెప్పదు. నిజానికి ఎండ మీకు శత్రువు కాదు: తడి నిలిస్తే 40 డిగ్రీల వేడిలో తొలిరోజుల బలం ఇంకా త్వరగా వస్తుంది. డెల్టాలో చిక్కేమిటంటే, ఇలాంటి పనులు కాలువలు కట్టేసిన వేసవిలోనే సాగుతాయి; అంటే వేడి పుష్కలంగా, నీరు కరవుగా ఉన్న రోజుల్లో. దగ్గర్లో ఉందని రొయ్యల చెరువు నీటిని వాడడం మంచిది కాదు. ఉప్పునీటిలోని సల్ఫేట్లు సిమెంటు మట్టిని తరువాత ఉబ్బించి విరగగొట్టగలవు.

కలిపిన రెండు గంటలలోపు తొక్కించడం ముగించి, ఆ సాయంత్రమే తడి గోనెపట్టాలు, వరిగడ్డి లేదా పాలిథిన్ పట్టా కప్పి, కనీసం ఏడు రోజులు ఎడతెగని చెమ్మ ఉండేలా చూడాలి. ఆ వారం ట్రాక్టర్లను పోనివ్వరాదు. ఉదయం తడిపి మధ్యాహ్నం ఎండనివ్వడం వల్ల సంకోచ పగుళ్ళు పెరుగుతాయి.

ఇక గట్టిదనాన్ని గోటితో నిర్ణయించకండి, ఎందుకంటే సిమెంటు లేని రేగడిగడ్డ కూడా ఎండితే రాయిలా ఉంటుంది. రెండు చోట్ల నుంచీ చెరొక పెళ్ళ తీసి బకెట్ నీళ్ళలో రాత్రంతా ఉంచండి. బురదగా విడిపోయినదానికి బంధం ఏర్పడలేదు, ఆకారం నిలుపుకొన్నదానికి ఏర్పడింది.

ప్రశ్న: ఈసారి సిమెంటు ఎక్కువ వేస్తే తడపడం తగ్గించవచ్చా?

జవాబు: తగ్గించరాదు. సిమెంటు పెరిగిన కొద్దీ చర్యకు కావలసిన నీరూ, ఎండితే వచ్చే పగుళ్ళూ పెరుగుతాయి. బాగా జిగట ఉన్న రేగడికి ముందు కొద్దిగా సున్నం కలిపి, ఒక రోజు తడిగా మాగనిచ్చి, మట్టి పొడిపొడిగా విడివడ్డాక సిమెంటు కలిపించండి.