ప్రాయోజకులా, పోషకులా, పూచీదారులా?

ప్రశ్న: ఉగాది సభ కరపత్రంలో డబ్బిచ్చిన దుకాణాల పేర్ల పైన ‘ప్రయోజకులు’ అని వేయించాం. తప్పన్నారు. అలాగే మరాఠీ జీఆర్‌లలో (ప్రభుత్వ ఉత్తర్వుల్లో) వచ్చే ‘కేంద్ర పురస్కృత యోజన’ను తెలుగులో ఏమనాలి?
– ఒక ఉపాధ్యాయిని, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: తప్పంతా ఒక్క దీర్ఘంలో ఉంది. ప్రయోజకుడంటే పనికొచ్చినవాడు, చేతికి అందివచ్చినవాడు. ‘కొడుకు ప్రయోజకుడయ్యాడు’ అంటాం కదా. మీ కరపత్రం చూసినవాళ్లకు ఆ దుకాణదారులంతా ఇన్నాళ్లకు బాగుపడ్డారని తోచి ఉంటుంది! స్పాన్సరుకు మాట ప్రాయోజకుడు. స్త్రీ అయితే ప్రాయోజకురాలు, దుకాణమో కంపెనీయో అయితే ప్రాయోజక సంస్థ. వాళ్ల డబ్బుతో నడిచేది ప్రాయోజిత కార్యక్రమం. రాతలో ‘ప్రాయోజకత్వం వహించారు’ అనండి. మాటల్లో ‘స్పాన్సర్ చేశారు’ అంటే చాలు, నామోషీ ఏమీ లేదు.

ఇంకో మెలిక ఉంది. ప్రాయోజకుడు డబ్బిచ్చి బదులుగా బ్యానరు మీద పేరు కోరతాడు. ఏమీ కోరకుండా ఇచ్చినవాడు దాత. ఇద్దరినీ ఒకే శీర్షిక కింద వేస్తే దాత నొచ్చుకుంటాడు, ప్రాయోజకుడు అక్షరాల సైజు గురించి పోట్లాడతాడు. రెండు జాబితాలు వేయండి. ఒక్క దుకాణమే ఖర్చు పెట్టుకుంటే ‘ఫలానా వస్త్రాలయం వారి సౌజన్యంతో’ అన్నది అందరికీ తెలిసిన పద్ధతి.

ఇక ‘పురస్కృత’. మరాఠీలో దీనికి వెనక నిలిచి బలపరచిన అనే అర్థం ఉంది. ఏదైనా పార్టీ మద్దతుతో నిలబడ్డ అభ్యర్థిని అక్కడ ‘పక్ష పురస్కృత్ ఉమేద్వార్’ అంటారు. తెలుగులో పురస్కారం అంటే బహుమతే. ‘కేంద్ర పురస్కార పథకం’ అని రాస్తే ఎవరికో అవార్డు వచ్చిందనుకుంటారు. సరైన మాట కేంద్ర ప్రాయోజిత పథకం. బడి చదువుల పథకం సమగ్ర శిక్షా అలాంటిదే: మహారాష్ట్ర, ఒడిశా వంటి రాష్ట్రాల్లో ఖర్చు 60:40 పాళ్లలో కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. పీఎం కిసాన్‌ను మాత్రం ఈ పేరుతో పిలవకూడదు. దాని డబ్బు మొత్తం కేంద్రానిదే కాబట్టి అది కేంద్ర రంగ పథకం.

ప్రశ్న: మా సంఘం ఒడియా ఆహ్వానంలో ‘పృష్ఠపోషక’ అని ఉంది. తెలుగు ప్రతిలోనూ అదే ఉంచుదామంటున్నారు పెద్దలు.
– ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: పెద్దలకు నచ్చజెప్పి తీసేయించండి. తెలుగువాడికి పృష్ఠం అనగానే కూర్చునే భాగమే గుర్తొస్తుంది. ఒడియాలో ఆ మాటకు వెనక నిలిచి ఆదుకునేవాడని భావం. మన ‘వెన్నుదన్ను’లో ఉన్నదీ ఆ బొమ్మే. కానీ వెన్నుదన్ను పేరు ముందు హోదాగా ఇమడదు, ‘మా సంఘానికి వెన్నుదన్నుగా నిలిచారు’ అని వాక్యంలోనే బాగుంటుంది. హోదాకు ‘పోషకులు’ లేదా ‘గౌరవ పోషకులు’ అని వేయండి.

పోషణ ఒక్కపూట సభతో తీరేది కాదు, ఏళ్ల తరబడి సాగేది. మీ జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే ఉంది. పోషకుడన్న మాటకు నిండైన అర్థం అది. ఒక్క సాయంత్రం మైకు, కుర్చీల అద్దె కట్టినవారు ఆ సాయంత్రానికి ప్రాయోజకులే.

‘ప్రాపు’ అనే పాత మాట కూడా ఉంది కానీ ఆహ్వానంలో వాడకండి. ‘మంత్రిగారి ప్రాపు సంపాదించాడు’ అంటే మెచ్చుకోలు కన్నా ఎత్తిపొడుపే ఎక్కువ.

ప్రశ్న: గల్ఫ్ వీసా కాగితాల్లో స్పాన్సర్ అంటే ప్రాయోజకుడేనా?
– బరంపురం, గంజాం జిల్లా

జవాబు: కాదు. అక్కడ స్పాన్సర్ అంటే మీ బసకు, ఉద్యోగానికి చట్టం ముందు పూచీ పడే యజమాని. వెళ్లొచ్చినవాళ్లు ‘కఫీల్’ అంటారు, అది అరబ్బీ మాట. తెలుగులో పూచీదారు అనండి. జామీనుదారు అంటే కోర్టు బెయిలో బ్యాంకు అప్పో స్ఫురిస్తుంది కనుక అది వద్దు. నిజానికి స్పాన్సర్ మాటకు మూలం లాటిన్‌లో ‘మాట ఇవ్వడం’ అనే క్రియ. బ్యానర్ల మీద పేర్లు తర్వాత వచ్చాయి. అనువాదం చేయించేటప్పుడు ‘పూచీదారు’ పక్కనే ‘స్పాన్సర్’ అని తెలుగు లిపిలో ఉంచమనండి, కాగితాలు సరిచూసేవారు తడుముకోరు.