నాలుగు పండుగలు చాలు తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ దీవెనలు. పిల్లలతో ఇంట్లో పునీతుల పండుగలు, అదే మన కతోలికులం సెయింట్లు అనే పుణ్యాత్ముల పండుగలు, ఎలా చేయాలి పెద్దమ్మా అని ఫోన్‌లో అడిగావు. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ చర్చి క్యాలెండర్ పక్కన పెట్టు. దాంట్లో దాదాపు ప్రతి రోజూ ఎవరో ఒక పునీతుల పేరు ఉంటుంది. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను అన్నీ చేసేద్దామని ఉబలాటపడ్డాను. జనవరిలో మొదలుపెడితే ఈస్టర్ ముందు ఉపవాసాల తపస్సు కాలం వచ్చేసరికి నాకే ఓపిక అయిపోయింది. పునీతుల పండుగలు ఎక్కువగా వాళ్లు చనిపోయిన రోజునే వస్తాయి కదా, మా వాడు పొద్దున్నే లేచి "ఈ రోజు ఎవరు పోయారమ్మా" అని అడగడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆపేశాను. ఏడాదికి నాలుగు చాలు, మహా అయితే అయిదు.

ఏ నాలుగు అంటావా? మీ ఇంట్లో ఎవరి పేర్లున్నాయో వాళ్లవి. పిల్లలకు పేరు పండుగ అంటే పుట్టినరోజు రెండోసారి వచ్చినట్టే. అక్కడి నుంచి మన పాత పేర్లలోకి వెళ్లు, బోలెడు కథలున్నాయి. పేతురు అంటే రాయి, అందుకే రాయప్ప. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు, అందుకే చిన్నప్ప. ఇద్దరికీ కలిపి జూన్ 29న పండుగ. ఇగ్నేషియస్ ఇన్నాసి అయి, మన ఊళ్లలో ఇన్నయ్య అయ్యాడు. జేవియర్ తమిళ దేశం మీదుగా వచ్చి శౌరి అయ్యాడు. మా చిన్నతనంలో పెద్దవాళ్లు పునీతులు అనకుండా "అర్చ్యశిష్టులు" అనేవారు, నోరు తిరగక మేం నవ్వుకునేవాళ్లం. మీ ముత్తాతల పేర్లు పిల్లల చేత ఒక కాగితం మీద రాయించు. ఏ పేరు వెనక ఏ పునీతుడున్నాడో వెతకడమే వాళ్లకు ఒక ఆట.

పండుగ రోజు ఉపన్యాసాలు వద్దు. కథ ఒకటే, అదీ అయిదు నిమిషాలు. తర్వాత పిల్లల చేతికి ఏదో ఒక పని దొరకాలి. డిసెంబర్ 3న ఫ్రాన్సిస్ శౌరి వారి పండుగ. ఆయన 1542లో గోవాలో దిగి, వీధుల్లో గంట వాయించుకుంటూ తిరిగి పిల్లల్ని పోగుచేసి జపాలు నేర్పేవారు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో ప్రార్థనకు పిలిచే పని చిన్నదానికి అప్పగించు, చేతికో గంట ఇవ్వు. అపార్ట్‌మెంట్ వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ, ఒక్క రోజే కదా. అక్టోబర్ 1న చిన్న తెరేజమ్మ పండుగకైతే పూసలు చాలు. ఆమె చిన్నప్పుడు ఒక పూసల దండ దగ్గర పెట్టుకుని, ఒక మంచి పని చేసినప్పుడల్లా ఒక పూస జరిపేది. చెల్లితో పోట్లాడకుండా ఉన్నందుకు పెద్దోడు కూడా ఒక పూస జరపొచ్చు.

మార్చి 19న జోజప్ప వారిది, అంటే యేసును పెంచిన వడ్రంగి యోసేపు గారిది. ఇంట్లో ఊగిపోతున్న స్టూలు ఉంటే ఆ రోజు అల్లుడు గారిని సుత్తి పట్టుకోమను, పెద్దోడు మేకులు అందిస్తాడు. అది తపస్సు కాలంలో వస్తుంది కాబట్టి వంట సంగతి ఎలా అని నీకు సందేహం రావచ్చు. అది మహోత్సవం, అంటే పెద్ద తరగతి పండుగ, కాబట్టి శుక్రవారం పడినా మాంసం మానాల్సిన పని లేదు. 2027లో శుక్రవారమే వస్తోంది, గుర్తుపెట్టుకో. కోడి కూర వండితే ఎవరూ తప్పు పట్టలేరు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, నువ్వు చేయకు. లూసియమ్మ పటంలో పళ్లెంలో రెండు కళ్లుంటాయి చూశావా? డిసెంబర్ 13న ఆ పటం చూపించి, ఆ కథంతా నాలుగేళ్ల మనవరాలికి చెప్పాను. అది రెండు రాత్రులు కళ్లు మూయలేదు. మూస్తే ఎవరైనా తీసుకెళ్లిపోతారని భయం! విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల కథలు పదేళ్లు దాటాక చెప్పొచ్చు. ఈలోపు లూసియమ్మ పేరులోనే వెలుగు ఉందని చెప్పి ఒక కొవ్వొత్తి వెలిగిస్తే సరిపోతుంది.

నన్నడిగితే అన్నిటికంటే పెద్దది నవంబర్ 1, 2. ఒకటో తేదీ సకల పునీతుల పండుగ. పటాల్లోకి ఎక్కని వాళ్లది, క్యాలెండర్లో చోటు దొరకని వాళ్లది కూడా ఆ రోజే. మా అత్తగారు చదువు రాకపోయినా రోజూ జపమాల చెప్పుకుని, గుమ్మంలోకి వచ్చిన వాళ్లకు గంజైనా పోయకుండా పంపేవారు కాదు. ఆవిడ పండుగ నాకు ఆ రోజే. మర్నాడు సమాధుల పండుగ. పిల్లల్ని ఊరికి తీసుకురా, బడి ఉందని సాకు చెప్పకు. సమాధి చుట్టూ గడ్డి పీకడం, సున్నం వేయడం, బంతిపూలు పేర్చడం, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగించడం అన్నీ వాళ్ల చేతే చేయించు. గాలికి ఆరిపోయిన వత్తిని మళ్లీ మళ్లీ వెలిగించడంలో పిల్లలకు ఎక్కడ లేని ఓపిక వస్తుంది. అప్పుడే చెప్పు, ఈ తాత ఎలా నవ్వేవాడో, ఏం తినేవాడో, ఎవరికి అప్పు పడ్డాడో కూడా.

మీ అత్తగారి వైపు వాళ్లు ప్రొటెస్టెంట్లు కదా, "పటాలకు మొక్కుతున్నారేంటి" అని అనక మానరు. వాదన పెట్టుకోకు. "ఆరాధన దేవుడొక్కడికే, పునీతుల్ని మా కోసం దేవుణ్ణి వేడుకోమని అడుగుతాం, మిమ్మల్ని ప్రార్థన చేయమని అడగడం లేదా అత్తయ్యా, ఇదీ అలాగే" అను. అని పరమాన్నం గిన్నె చేతికివ్వు. పిల్లల ముందు మాత్రం ఏ గుడి వాళ్లనూ తక్కువ చేసి మాట్లాడొద్దు.

ఇక మీకు దగ్గర్లో ఉన్నది జూన్ 13, పాదువాపురి అంతోని వారి పండుగ. పెద్దోడిది ఆ పేరే కాబట్టి దాంతోనే మొదలుపెట్టు. బళ్లు తెరిచే హడావుడిలో మరిచిపోతావు, ఇప్పుడే రాసి పెట్టుకో. ఆయన లిస్బన్‌లో పుట్టి, 1231లో ఇటలీలోని పాదువా దగ్గర కన్నుమూశారు. ఒక శిష్యుడు ఆయన కీర్తనల పుస్తకం పట్టుకుని వెళ్లిపోతే, ఆయన ప్రార్థనకు మనసు మారి తెచ్చిచ్చాడట. పోయిన వస్తువుల కోసం ఆయన్ని అడగడం అందుకే. కానీ వాడు రబ్బరు పోయిన ప్రతిసారీ "అంతోని వారూ" అని మొదలుపెడితే, ముందు మంచం కింద చూడమను.

పిల్లలకు నచ్చేది ఇంకొకటుంది. పాదువాలో ఒక తల్లి, నీళ్లలో పడ్డ బిడ్డ బతికితే వాడి బరువుకు సరిపడా గింజలు పేదలకు ఇస్తానని అంతోని వారికి మొక్కుకుందట. బిడ్డ బతికాడు. అంతోని వారి రొట్టెలు పంచే ఆచారం అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. మన తులాభారం లాంటిదే అనుకో. నువ్వు కూడా పెద్దోణ్ణి తూకం వేయించి, అంత బియ్యం దగ్గర్లోని అనాథాశ్రమానికో వృద్ధాశ్రమానికో ఇవ్వు. అంత కుదరకపోతే నాలుగు రొట్టెల ప్యాకెట్లు చాలు, కానీ వాడి చేత్తోనే ఇప్పించు. ఇచ్చేటప్పుడు ఫోన్ బ్యాగులో ఉంచు, ఫొటోలు తీయకు.

బియ్యమే అయితే ఒక మాట. తూకం వేసేటప్పుడు వాడి బూట్లు విప్పించకు. ఇంకో అరకిలో వెళ్తుంది.

మీ పెద్దమ్మ