ఫొటో చూసి బాగా వేస్తుంది, మరి బయటికెందుకు?

ప్రశ్న: మాది మదనపల్లి. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది). ఫోన్లో ఫొటో చూసి చెట్లు, చెరువులు, కొండలు చక్కగా వేస్తుంది. బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) చేస్తానంటోంది. డ్రాయింగ్ మాస్టారేమో ఆదివారాలు బయటికెళ్లి వేయమంటున్నారు. ఇంట్లో కూర్చుని వేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదమ్మా. మాస్టారు చెప్పింది నిజం. ఫోన్ కెమెరా ఆకాశాన్ని సరిగ్గా పట్టుకుంటే చెట్టుకింది నీడ నల్లబడుతుంది, నీడను పట్టుకుంటే ఆకాశం తెల్లగా తేలిపోతుంది. అదే నీడలో కంటికి నీలం, ఊదా, ఎర్రమట్టి నుంచి పైకి తన్నే వెచ్చని వెలుగు కనిపిస్తాయి. ఫొటోల మీదే ఆధారపడితే నీడలు బొగ్గు పూసినట్టు వస్తాయి.

అయితే బయట బొమ్మ పూర్తిచేయాలని పట్టుబట్టకండి. అక్కడికి వెళ్లేది సమాచారం కోసం. 6×8 అంగుళాల స్కెచ్‌బుక్, 2బీ, 4బీ పెన్సిళ్లు, చిన్న వాటర్‌కలర్ పెట్టె, 6, 10 నంబర్ల రౌండ్ బ్రష్‌లు, నీళ్ల సీసా, పాతగుడ్డ, టోపీ చాలు. మొదట్లో ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) వద్దు.

లాల్‌బాగ్‌కు ఉదయం ఏడింటికి చేరితే తొమ్మిది దాకా నీడలు పొడుగ్గా, స్పష్టంగా ఉంటాయి. మొదటి పావుగంట రంగు ముట్టకూడదు. అట్టముక్కలో 3×4 అంగుళాల కిటికీ కత్తిరించి, అందులోంచి చూస్తూ మూడు చిన్న స్కెచ్‌లు వేయాలి. తెలుపు, నడిమి బూడిద, నలుపు, వెలుగునీడల ఈ మూడు స్థాయిలే (టోన్‌లే). వాటిలో బాగున్నదాన్ని ఎంచుకుని, నీడల అంచులు ముందే పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోవాలి. అరగంటలో నీడ జరుగుతుంది. దాని వెంటపడి దిద్దుతూ పోతే ఒకే బొమ్మలో ఇద్దరు సూర్యులుంటారు! ఆ తర్వాత అరగంటలో రంగులు వేసి, అంచున టైమ్, ఎండ వచ్చే దిక్కు, ఏ రంగులో ఏది కలిపిందో రాసుకోవాలి.

కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఆ వెలుగులో ప్రతి రంగూ లేతగా కనిపించి, తెలియకుండానే ముదురుగా వేసేస్తాం. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా చీకటి. పిల్లలు ఎక్కువగా నిరుత్సాహపడేది ఇక్కడే, కారణం మాత్రం వాళ్ల చేతిలో లేదు, కూర్చున్న చోటులో ఉంది. ఇంకోటి ఆకుపచ్చ: ట్యూబులోది అలాగే వాడితే ప్లాస్టిక్ ఆకుల్లా ఉంటుంది. అల్ట్రామెరీన్ (ముదురు నీలం), లెమన్ ఎల్లో కలిపి, కొంచెం బర్న్ట్ సియన్నాతో (ఎర్రటి గోధుమ రంగుతో) దాని గాఢతను అణచాలి.

ఆ స్కెచ్‌ను ఇంట్లో కాన్వాస్ మీద పెద్ద బొమ్మగా వేసే పని ఆదివారం సాయంత్రమే మొదలవ్వాలి, కళ్లలో రంగు ఇంకా ఉండగానే. కాన్వాస్ కొలత స్కెచ్ నిష్పత్తిలోనే ఉండాలి. 6×8కి 18×24 సరిపోతుంది. 16×20 తీసుకుంటే చెట్లు సాగదీయాలి, లేదా ఓ పక్క కోసేయాలి. స్కెచ్ మీద అంగుళం గళ్లు, కాన్వాస్ మీద మూడంగుళాల గళ్లు గీసి గడికి గడి ఎత్తుకోవాలి. అంతకుముందే కాన్వాస్‌కు జెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగుపూత) రెండు పూతలు వేయాలి, ఒకటి అడ్డంగా, ఆరాక 220 నంబరు ఎమరీ కాగితం రుద్ది, రెండోది నిలువుగా. గళ్లు గీసే ముందు బర్న్ట్ సియన్నా పల్చగా పూస్తే తెల్ల కాన్వాస్ చూస్తే కలిగే బెదురు పోతుంది. ఆయిల్ రంగులు పల్చన చేసే టర్పెంటైన్ వాసన ఫ్లాట్‌లో ఇబ్బంది కాబట్టి ఇప్పటికి నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులు మేలు. ఆయిల్ మొదలుపెట్టినప్పుడు అడుగు పొరలు పల్చగా, పైపొరల్లో నూనె ఎక్కువగా ఉండాలి. తిరగబడితే కింది పొర ఆలస్యంగా ఆరి పైది పగులుతుంది.

ఇక కోర్సు సంగతి. బెంగళూరు కుమారకృపా రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్, చెన్నై ఎగ్మోర్‌లో 1850లో మొదలైన ప్రభుత్వ లలిత కళల కళాశాల, రెండింటినీ చూసిరండి. పరిషత్ జనవరిలో జరిపే చిత్రసంతెకు (బొమ్మల సంతకు) అమ్మాయిని తీసుకెళ్తే, ఏ సైజు బొమ్మ ఎంతకు అడుగుతున్నారో కళ్లారా తెలుస్తుంది. కేవలం బొమ్మలు అమ్ముకుని ఇల్లు గడపడం తొలి ఏళ్లలో కష్టం. యానిమేషన్ బ్యాక్‌గ్రౌండ్‌లు, పుస్తకాల బొమ్మలు, పిల్లలకు క్లాసులు తోడుగా ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ పనికి ఈ వెలుగూ నీడల చదువే అక్కరకొస్తుంది. పోర్ట్‌ఫోలియోలో (తన బొమ్మలు చూపించే ఫైలులో) పూర్తయిన బొమ్మ పక్కనే దాని చిన్న స్కెచ్‌లు, రంగుల రాతలు పెట్టమనండి. ఇప్పటి నుంచే తేదీ వేసి దాచుకోవాలి, వాటర్‌కలర్ పేజీలు ఆరాకే మూయాలి.